ఆరు సీసాల క్యారియర్: ఫ్రిజ్‌లోంచి తీయగానే అడుగు ఊడుతోంది, ఎలా కట్టాలి?

సుగంధిసోడా (మాగడి రోడ్డు, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మాది చిన్న యూనిట్. నన్నారి సోడాను 300 మిల్లీలీటర్ల గాజు సీసాల్లో నింపి, మామూలు క్రౌన్ మూత వేసి, బెంగళూరు, చెన్నై దుకాణాలకు పంపుతున్నాం. ఆరు సీసాలు పట్టే అట్ట క్యారియర్ చేయించాం. రెండు వరసల్లో మూడేసి సీసాలు, మధ్యలో పైకి లేచిన పిడి. అట్ట 350 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) డూప్లెక్స్. అడుగు రెండు రెక్కలుగా వచ్చి మధ్యలో ఒకదాని మీద ఒకటి అతుక్కుంటుంది, తెల్ల జిగురుతో.

గోదాములో ఉన్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. దుకాణదారులు క్యారియర్‌తో సహా ఫ్రిజ్‌లో పెడుతున్నారు. కొన్నవాళ్లు దాన్ని తీసుకుని స్కూటర్ దాకా వెళ్లేలోపే అడుగు విడిపోతోంది. ఫిర్యాదులు బెంగళూరు నుంచి కొన్ని, చెన్నై నుంచి ఎక్కువ. గాజు కాబట్టి భయంగా ఉంది. ఎవరి కాలి మీదైనా పడితే ఆ పాపం మాదే. ప్రెస్సువాళ్లు 400 జీఎస్ఎం వేస్తే సరిపోతుందంటున్నారు. నిజమేనా?

ఇంకో ప్రశ్న. వచ్చే వేసవికి 250 మిల్లీలీటర్ల సన్న క్యాన్లు కూడా తేవాలనుకుంటున్నాం. వాటిని నాలుగేసి కలిపి పట్టి ఉంచేందుకు ఏది మంచిది?

డైపంచ్ (పీణ్య, బెంగళూరు)

జీఎస్ఎం సంగతి తరువాత. ముందు ఊడిన క్యారియర్ ఒకటి తెప్పించి అతుకు చూడండి. జిగురు ఉన్నచోట అట్ట నార అంటుకుని ఉందా, లేక శుభ్రంగా వదిలేసిందా? నార అంటుకుని ఉంటే జిగురు గట్టిదే, అట్ట పొరలు విడిపోయాయని అర్థం. శుభ్రంగా ఉంటే జిగురే చేతులెత్తేసింది. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు. పిడి కన్నం మూలలు కూడా చూడండి.

సుగంధిసోడా

అన్నగారూ, చూశాను. చెన్నై నుంచి వెనక్కి వచ్చినవాటిలో అతుకు చాలావరకు శుభ్రంగా వదిలేసింది, తడిగా, జారుడుగా ఉంది. కొన్నిటిలో అట్ట లోపలి బూడిద పొర లేచి వచ్చింది. పిడి కన్నానికి పై మూలల్లో చిన్న చిరుగులు ఉన్నాయి, అక్కడ ఇంకా పూర్తిగా తెగలేదు.

అంబత్తూరు అట్ట (చెన్నై)

నేను అట్టపెట్టెల నాణ్యత పరీక్షల్లో పనిచేస్తాను. చెన్నై నుంచి ఫిర్యాదులు ఎక్కువ రావడంలో వింత లేదు.

30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న సాయంత్రం ఇక్కడి గాలి 26 డిగ్రీల దగ్గరే నీరు వదిలేస్తుంది. మీ సీసా ఫ్రిజ్‌లోంచి 5 డిగ్రీల దగ్గర బయటికి వస్తుంది. అంటే బయట పెట్టిన క్షణం నుంచి చాలాసేపు అది చెమరుస్తూనే ఉంటుంది. బెంగళూరులో 25 డిగ్రీలు, 60 శాతం తేమ అనుకుంటే ఆ హద్దు 17 డిగ్రీల దగ్గర ఉంటుంది. సీసా అక్కడా చెమరుస్తుంది, కానీ తక్కువగా, కొద్దిసేపే. ఇక కాగితం, అట్టల బలం కొలిచే ప్రామాణిక గది 23 డిగ్రీలు, 50 శాతం తేమ. ప్రెస్సువాళ్లు చూపించే అంకెలన్నీ ఆ గదిలోవి. మీ సరుకు ఆ గదిలో ఉండదు కదా. నారల మధ్య పట్టు నీటితో సడలుతుంది. ముడతల అట్టపెట్టె 90 శాతం తేమలో తన మోత బలంలో సగం దాకా పోగొట్టుకుంటుందని మా రంగంలో అందరికీ తెలుసు. పైగా మీ క్యారియర్‌కు తగిలేది తేమగాలి ఒక్కటే కాదు, కారే నీరు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. డూప్లెక్స్ అట్టకు నునుపైన తెల్ల కోటింగ్ ఉండేది బయటి ముఖానికి, అచ్చు వేసేవైపు. లోపలి ముఖం బూడిద రంగుది, పాత కాగితం నుంచి తీసిన పొట్టి నారలది, నీళ్లు ఇట్టే పీలుస్తుంది. సీసా చెమట పడేది సరిగ్గా ఆ ముఖం మీదే. అంగడిలో అందంగా కనిపించే వైపుకు రక్షణ ఉంది, పని చేయాల్సిన వైపుకు లేదు. 350 బదులు 400 వేస్తే అదే బూడిద ముఖం కాస్త మందంగా వస్తుంది, అంతే.

అడగాల్సింది కాబ్ విలువ. నిర్ణీత వైశాల్యం మీద నీరు పోసి, 60 సెకన్లు ఉంచి, చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల నీరు పీల్చిందో తూచే పరీక్ష అది. వెనక ముఖానికి విడిగా చేసి ఇవ్వమనండి. చాలామంది ముందు ముఖానిదే చేసి పంపుతారు.

ఈ పనికి సరైనది కొత్త గుజ్జుతో చేసిన క్రాఫ్ట్ క్యారియర్ అట్ట. పొడవాటి నారలు, తడిలోనూ పట్టు వదలకుండా గుజ్జులోనే కలిపే పీఏఈ రెసిన్. ఖరీదు ఎక్కువే. కానీ బలమైన నార కాబట్టి తక్కువ జీఎస్ఎంతోనే పని జరగవచ్చు.

బలాలలెక్క (వైట్‌ఫీల్డ్, బెంగళూరు)

నేను మెకానికల్ ఇంజనీరును, ప్యాకేజింగ్ నా వృత్తి కాదు. అయినా మీ క్యారియర్ వివరాలు చదివాక ఊరుకోలేకపోతున్నాను. అట్ట, జిగురు మార్చడానికి ముందు బొమ్మ, అంటే క్యారియర్ డిజైను, మార్చాలి.

సీసా గాజు 230 గ్రాములు అనుకుందాం, లోపల 300. ఆరింటికి మూడు కిలోల 200 గ్రాములు. నెమ్మదిగా వేలాడదీస్తే పిడి మీద 31 న్యూటన్లు. ఒక్కసారిగా చేతిలోకి ఎత్తితే, సిద్ధాంతం ప్రకారం హఠాత్తుగా పడిన బరువు దానికి రెట్టింపు లాగుతుంది. నడకలో ప్రతి అడుగుకూ ఇది పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

ఇంత బరువు ఏ దారిన పిడికి చేరుతోంది? ముందు అడుగు మీద కూర్చుంటుంది, అక్కడి నుంచి పక్క గోడలెక్కుతుంది, గోడల నుంచి చివరి పలకల ద్వారా మధ్య గోడలోకి, ఆ గోడే పిడి. మీ బొమ్మలో ఈ దారి మొదటి మెట్టులోనే అతుకు ఉంది. అడుగు మధ్యలో రెండు రెక్కలు కలిసేచోట.

జిగురు అతుకును రెండు రకాలుగా లాగవచ్చు. ఒక పొర మీద ఇంకో పొర జారేలా లాగితే అతుకు వైశాల్యమంతా కలిసి మోస్తుంది. అంచు నుంచి ఒలిచినట్టు లాగితే ఏ క్షణానికి ఆ క్షణం ఒక సన్నని గీత మాత్రమే మోస్తుంది. అడుగు కుంగినప్పుడు మధ్య అతుకు సరిగ్గా ఒలుచుకుపోయే పద్ధతిలోనే తెరుచుకుంటుంది. తడి జిగురు అయితే ఇక చెప్పక్కర్లేదు.

మన ఇళ్లలో ఉట్టి ఎలా కట్టేవారో గుర్తు చేసుకోండి. కుండ అడుగు కింద తాడు తెగకుండా చుట్టి వస్తుంది, అక్కడి నుంచి తాళ్లు పైకి పోయి ఒక్క ముడిలో కలుస్తాయి. బరువు మొత్తం ఉన్నచోట ముడి ఉండదు. మీ క్యారియర్ కూడా అలాగే ఉండాలి. ఒక గోడ, అడుగు, రెండో గోడ ఒకే అఖండమైన ముక్కగా రావాలి. అతుకులన్నీ పైన, మధ్య గోడ దగ్గర, నిలువుగా, జారే లాగుడులో ఉండాలి. అక్కడ సీసాల మెడలే ఉంటాయి, చెమట నీరు నిలవదు.

ఇది చేస్తే 350 జీఎస్ఎం కూడా నిలవవచ్చు. చేయకపోతే 450 వేసినా ఊడుతుంది.

డైపంచ్

బలాలలెక్క గారు చెప్పింది ముమ్మాటికీ నిజం. అతుకులు పైకి తెచ్చిన బొమ్మలు ఉన్నాయి, కొత్తగా కనిపెట్టే పని లేదు. బ్లాంకు (మడవకముందు షీటులోంచి కోసిన అట్ట ముక్క) కాస్త పెద్దదవుతుంది, షీటుకు పట్టే సంఖ్య తగ్గుతుంది. ఆ ఖర్చు భరించాలి.

అక్కడే ఇంకో ప్రమాదం ఉంది, దాని గురించి కొంచెం వివరంగా చెబుతాను. అట్టలో నారలు మిషను నడిచిన దిశలో పడుకుంటాయి. దాన్నే గ్రెయిన్ అంటాం. గ్రెయిన్ వెంబడి అట్ట సులువుగా, తిన్నగా చిరుగుతుంది. అడ్డంగా చిరగదు, చిరిగినా వంకరటింకరగా పోతుంది. క్యారియర్‌కు గ్రెయిన్ అడ్డంగా, ప్యాకు చుట్టూ తిరిగేలా ఉండాలి. అప్పుడు పిడి కన్నం పైనున్న పట్టీ బిర్రుగా నిలుస్తుంది. కన్నం మూలల నుంచి పైకి పాకే చిరుగు నారలకు అడ్డం పడి ఆగిపోతుంది. సీసాలు గోడలను బయటికి నెట్టినా గోడ ఉబ్బదు. కొన్ని ప్రెస్సుల్లో షీటు మీద ఎక్కువ బ్లాంకులు పట్టించడానికి కొన్నిటిని అడ్డం తిప్పి అమరుస్తారు. అప్పుడు ఒకే లాటులో కొన్ని క్యారియర్లు గట్టిగా, కొన్ని బలహీనంగా వస్తాయి. మీ ఫిర్యాదులు అక్కడక్కడా రావడానికి ఇది కూడా కారణం కావచ్చు.

పరీక్ష సులువు. రెండు దిశల్లో చించి చూడండి, తిన్నగా చిరిగినదే గ్రెయిన్.

పిడి కన్నం: మూలలు పూర్తిగా గుండ్రంగా ఉండాలి, చదరపు మూల అంటే చిరుగుకు మనమే దారి చూపినట్టు. నాలుగు వేళ్లు దూరేందుకు కనీసం 75 మిల్లీమీటర్ల పొడవు. కన్నంలోని ముక్కను కోసి పారేయకండి. పై అంచు దగ్గర క్రీజు (నొక్కిన మడత గీత) ఇచ్చి వదిలితే అది లోపలికి మడతపడి వేళ్ల కింద మెత్తగా కూర్చుంటుంది, పట్టీ అంచుకు బలం కూడా ఇస్తుంది. పిడి రెండు పొరలుగా ఉండి, రెండూ మొత్తం వెడల్పునా అతుక్కోవాలి.

క్రీజింగు: కాలువ వెడల్పుకు మేము వాడే లెక్క, అట్ట మందానికి ఒకటిన్నర రెట్లు, దానికి క్రీజింగు రూలు (అట్టను ఆ కాలువలోకి నొక్కే ఉక్కు పట్టీ) మందం కలపాలి. 0.45 మిల్లీమీటర్ల అట్ట, 0.7 రూలు అయితే 1.4 దగ్గర. ఇరుకైతే మడతలో నారలు తెగుతాయి. అడుగు ఇప్పుడు ఒకే ముక్క అంటున్నాం, అంటే బరువంతా అడుగు పక్కనున్న ఆ రెండు మడతల మీదుగానే పైకి పోతుంది. అక్కడ నార తెగితే అతుకు తీసేసి చేసిన లాభం పోతుంది.

మూలకొట్టు (కె.ఆర్. పురం, బెంగళూరు)

నాది కిరాణా కొట్టు. ఇక్కడ అందరూ ఆరు సీసాలూ ఒకేసారి పోతాయన్న లెక్కతో మాట్లాడుతున్నారు. నా కొట్టులో ప్యాకులో ఆరుంటే ఇద్దరు ఒక్కొక్కటి తీసుకుని పోతారు. మిగిలిన నాలుగూ ఒకవైపు ఉంటే క్యారియర్ పక్కకు వాలుతుంది. ఆ స్థితిలో ఫ్రిజ్ అర మీంచి లాగితే ఏమవుతుందో కూడా చూడండి. ఒక సీసా తీసినా పక్క సీసా కదలకుండా ఉండే అడ్డుగోడలు కావాలి. సీసాలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తే కొనేవాళ్లు భయపడతారు.

ఇంకో మాట. ప్యాకు మీద వేరే బార్‌కోడ్ ఉండాలి, లోపలి సీసా బార్‌కోడ్ బయటికి కనిపించకూడదు. కనిపిస్తే రద్దీలో మా కుర్రాడు సీసా కోడ్ కొట్టి ఆరు సీసాలు ఒక సీసా ధరకు ఇచ్చేస్తాడు. విడిగా అమ్మినా, కలిపి అమ్మినా కుదిరే ప్యాకు మీద లోపల ఎన్ని ఉన్నాయో, మొత్తం ఎంఆర్‌పీ ఎంతో వేయాలని 2011 తూనికలు కొలతల ప్యాకేజీ నియమాలు చెబుతాయి. సీసా మీద దాని వివరాలు దానికీ ఉండాలి. తనిఖీ వస్తే ముందు అడిగేది మమ్మల్నే.

బలాలలెక్క

మూలకొట్టు గారు చెప్పిన నాలుగు సీసాల సంగతి నా లెక్కలో లేదు, అది తప్పక చేరాలి. సీసాలు ఒకదానికొకటి తగిలేది అత్యంత లావైన చోట, కాబట్టి అడ్డుగోడ అక్కడ ఉంటే చాలు, భుజం దాకా పెంచనక్కర్లేదు. ఖాళీ అరల పక్క గోడ తనంతట తాను నిలబడేలా అడ్డుగోడలు రెండు చివర్లా అతికి ఉండాలి.

చిత్తుప్రతి (బసవనగుడి, బెంగళూరు)

నేను డిజైన్ విద్యార్థినిని. ఒక సందేహం. ఇంత శ్రమ పడే బదులు ష్రింక్ ఫిల్మ్ (వేడికి బిగుసుకునే ప్లాస్టిక్ పొర) చుట్టేస్తే నీటితో గొడవే ఉండదు కదా? మంచినీళ్ల సీసాలు అలాగే వస్తాయి. పర్యావరణం దృష్ట్యా నాకు ఇష్టం లేదు, కానీ వాళ్లు ఎందుకు వద్దనుకోవాలో తెలుసుకోవాలని ఉంది.

అంబత్తూరు అట్ట

మంచి ప్రశ్న అమ్మా. తడికి ఫిల్మ్ లొంగదన్నది నిజం. 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ఒకసారి వాడే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో సీసాలకు చుట్టే ష్రింక్ ఫిల్మ్ లేదు కూడా. అయితే అదే సంవత్సరం ఫిబ్రవరిలో వచ్చిన ఈపీఆర్ (ఉత్పత్తిదారుల విస్తృత బాధ్యత) మార్గదర్శకాల కిందికి ఈ ఫిల్మ్ వస్తుంది. అమ్మిన ప్లాస్టిక్‌ను తిరిగి సేకరించే బాధ్యత బ్రాండు మీద కూడా ఉంటుంది.

అది అలా ఉంచి, గాజు సీసాలకు ఫిల్మ్‌తో అసలు చిక్కు వేరు. పక్కపక్క సీసాలు నేరుగా ఒరుసుకుంటాయి. బెంగళూరు నుంచి చెన్నైకి లారీలో 350 కిలోమీటర్లు ఆ ఒరిపిడి సాగితే గాజు మీద గీతలు పడతాయి. గీత పడిన గాజు బలం తగ్గుతుంది, లోపల గ్యాసు ఒత్తిడి ఉంటుంది. పైగా ఒక సీసా తీయడానికి ఫిల్మ్ చించగానే మిగిలినవాటిని పట్టి ఉంచేది ఏదీ ఉండదు. మూలకొట్టు గారి కొట్టుకు అది పనికిరాదు. అట్ట క్యారియర్ సీసాలను కలిపి ఉంచుతూనే విడదీసి కూడా ఉంచుతుంది. కోకా-కోలా ఆరు సీసాల అట్ట క్యారియర్ తెచ్చింది 1923లో. నూరేళ్లు దాటినా గాజు సీసాలకు ఆ పద్ధతే నిలిచింది.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. తడికి తట్టుకునే రెసిన్ కలిపిన అట్టను తిరిగి గుజ్జుగా మార్చడం మామూలు అట్టకన్నా కష్టం. అందుకే అతుకుల స్థానం మార్చి, మామూలు క్రాఫ్ట్‌తో ముందు ప్రయత్నించడం నాకు ఇష్టం. అదీ చాలకపోతేనే రెసిన్ అట్ట.

క్యాన్‌లైన్ (హోసకోటె)

క్యాన్ల ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి నేను రాస్తున్నాను. క్యాన్లు నింపే లైను మీద పనిచేస్తాను.

సీసాను అడుగు నుంచి మోయాలి. క్యాన్‌ను తల దగ్గర పట్టుకుంటే చాలు, ఎందుకంటే మూతను ఒంటికి కలిపే డబుల్ సీము ఒక గట్టి పెదవిలా బయటికి ఉంటుంది. ఏ క్లిప్పు అయినా ఆ పెదవి కింద కొక్కెంలా దూరి పట్టుకుంటుంది. మామూలు 330 మిల్లీలీటర్ల క్యాన్ ఒళ్లు 66 మిల్లీమీటర్లు, మూత దగ్గర 54 దాకా సన్నబడుతుంది. అక్కడ క్లిప్పుకు కావలసినంత చోటు. మీరు అనుకుంటున్న 250 సన్న క్యాన్ ఒళ్లే 53. మెడ దగ్గర తగ్గేది చాలా కొంచెం. అందువల్ల మామూలు క్యాన్ క్లిప్పు దీనికి పట్టదు, క్యాన్‌కూ క్యాన్‌కూ మధ్య దూరమూ కలవదు. సన్న క్యాన్‌కే చేసిన అచ్చు అడిగి తీసుకోవాలి. క్యాన్లు కొనేముందు క్లిప్పు దొరుకుతుందో లేదో చూసుకోవడం మంచిది.

ప్లాస్టిక్ రింగులు ఇలినాయిస్ టూల్ వర్క్స్‌కు చెందిన హై-కోన్‌వి, 1960 ప్రాంతంలో వచ్చాయి. పలుచని ఎల్‌డీపీఈ షీటులో క్యాన్ కన్నా చిన్న కన్నాలు కోసి, మిషను వాటిని సాగదీసి క్యాన్ల మీదికి దించుతుంది. వదలగానే బిగుసుకుంటాయి. ఇంత తక్కువ పదార్థంతో ఇంత గట్టి పట్టు మరొకటి లేదన్నది ఒప్పుకోవాలి. కానీ పారేశాక కూడా ఆ పట్టు అలాగే ఉంటుంది, పక్షుల మెడలకు, తాబేళ్ల ఒంటికి చుట్టుకుంటుంది. అమెరికా 1988లో చట్టం చేసి, 1994లో నియమాలు తెచ్చి, అవి వాటంతట అవే శిథిలమయ్యేలా ఉండాలంది. ఎండకు పెళుసెక్కి విరిగేలా చేశారు. విరిగినా అది ప్లాస్టిక్ ముక్కలే కదా. మీరు ఆ దారికి పోవద్దు.

కార్ల్స్‌బర్గ్ 2018లో క్యాన్లను జిగురు చుక్కలతోనే కలిపింది. చల్లదనంలో పట్టి ఉండాలి, చేత్తో మెలిపెడితే విడిపోవాలి, ఆ జిగురు తయారుచేయడానికి ఏళ్లు పట్టింది. చిన్న యూనిట్‌కు అది అందదు. మీకు అందేది అట్ట క్లిప్పు. గ్రాఫిక్ ప్యాకేజింగ్ అనే కంపెనీ వాళ్ల కీల్‌క్లిప్ బొమ్మ చూడండి. పైనుంచి మూతలను కప్పి సీముల కింద పట్టుకుంటుంది, మధ్యలో ఒక అట్ట పలక క్యాన్ల నడుమకు దిగుతుంది. ఆ పలక వల్ల క్యాన్లు గిర్రున తిరగవు, విడిగా ఊగవు. చాలా చవక నకళ్లలో వదిలేసేది ఆ మధ్య పలకనే. మూతలు దుమ్ము పట్టకుండా కప్పి ఉండటం మన దుకాణాలకు అదనపు మేలు.

చిత్తుప్రతి

బార్లీ పిప్పితో చేసిన రింగుల గురించి చదివాను, ఫ్లోరిడాలోని సాల్ట్‌వాటర్ బ్రూవరీ 2016లో చూపించింది. మన దగ్గర చెరకు పిప్పితో పళ్లేలు అచ్చు వేసేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు క్యాన్ రింగు వేయగలరా?

క్యాన్‌లైన్

వేయగలరు, కానీ పిప్పి సాగదు. సాగని పదార్థంతో బిగింపు రావాలంటే కన్నం చుట్టూ చిన్న రెక్కలు ఉండి సీము కింద వాలాలి. కొలత అర మిల్లీమీటరు తేడా వచ్చినా వదులవుతుంది, చెమట తగిలితే రెక్కలు మెత్తబడతాయి. చదువులో భాగంగా మీరు ప్రయత్నించదగిన పని ఇది. అమ్మే సరుకుకు మాత్రం ఇప్పుడే వద్దు.

సుగంధిసోడా

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ప్రెస్సుకు ఇలా రాసి పంపుతున్నాను, తప్పుంటే చెప్పండి.

అడుగు, రెండు పక్క గోడలు ఒకే ముక్క. అతుకులు మధ్య గోడలో, నిలువుగా. కొత్త గుజ్జు క్రాఫ్ట్ అట్ట, వెనక ముఖం కాబ్ విలువ రాతపూర్వకంగా. అతుకులకు తెల్ల జిగురు బదులు హాట్ మెల్ట్ (కరిగించి వేడిగా పూసే జిగురు). గ్రెయిన్ ప్యాకు చుట్టూ. గుండ్రని మూలల పిడి, మడతపడే నాలుక. అడుగున ఒక్కో సీసా కింద నీరు జారే చిన్న కన్నం. నా సీసా వ్యాసం 62 మిల్లీమీటర్లు, కాబట్టి లోపలి కొలత 186, 124, దానికి అడ్డుగోడల మందం, కాస్త వదులు. క్యాన్లు క్లిప్పు దొరికాకే.

నమూనా వచ్చాక చల్లని సీసాలతో నింపి, తడి గాలిలో పిడితో కొక్కేనికి వేలాడదీసి, తరువాత ఒక్క ఊపున ఎత్తి చూస్తాను. ఆరు సీసాలతో ఒకసారి, ఒకవైపు నాలుగుతో ఒకసారి.

అంబత్తూరు అట్ట

హాట్ మెల్ట్ నీటికి లొంగదు గాని, చల్లదనంలో కొన్ని రకాలు పెళుసెక్కుతాయి. ఫ్రిజ్‌లో పెట్టే సరుకని చెప్పి, దానికి తగిన రకం అడగండి. మీ పరీక్షలో క్యారియర్‌ను సీసాలతో సహా ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి, తీసిన వెంటనే ఎత్తండి.

డైపంచ్

రెండు సవరణలు. 62 అనేది సీసా డ్రాయింగులో కొలత. గాజు సీసాలు అన్నీ ఒకే లావు ఉండవు. మీ గోదాములోని వేర్వేరు లాట్ల నుంచి సీసాలు తీసి కాలిపర్‌తో కొలిచి, అన్నిటికన్నా లావైనదాన్ని బట్టి డై (అట్టను కోసే అచ్చు) కొలత ఇవ్వండి. బిగుతుగా ఉంటే గోడల మడతలు మొదటి రోజు నుంచే లాగుడులో ఉంటాయి. మరీ వదులైతే సీసాలు ఊగుతాయి. ఇంకా, నాలుగు క్యారియర్లు కలిపితే మీ 24 సీసాల క్రేటులో దిగాలి, బయటి కొలతను దానితో సరిచూడండి.

రెండోది, గ్రెయిన్ దిశ మాటల్లో రాస్తే ఎవరూ చదవరు. డ్రాయింగు మీద పెద్ద బాణం గీసి, ఏ బ్లాంకునూ తిప్పి అమర్చకూడదని దాని పక్కనే రాయండి. డై నా దగ్గర చేయించకపోయినా ఫరవాలేదు, పీణ్య వైపు వచ్చినప్పుడు ఆ డ్రాయింగు తీసుకురండి, కలిసి చూద్దాం.